బిల్లు పడని రోజులు



ఈ సభ ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆయన్ని మనమంతా వకీలు గారనే పిలిచాం. ఈ సాయంత్రం కూడా అలాగే పిలుస్తాను. ఆజమాబాద్ పారిశ్రామిక వాడలో మూతపడిన ఫ్యాక్టరీల కేసులతో ఆయన వృత్తి మొదలుపెట్టారు. చివరి పదిహేనేళ్ళూ ఐటీ పిల్లల రాజీనామా కాగితాలు చదవడంలోనే గడిచాయి. నేను మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ కారిడార్‌లో చాలాకాలం ప్రాజెక్టులు నడిపినవాణ్ణి. ఎవరు బిల్లింగ్‌లో ఉన్నారు, ఎవరు రిలీజ్ అయ్యారు అనే పట్టిక వారం వారం నింపినవాణ్ణి. ఆ పట్టికలో మాకు గడులు కనిపించేవి, ఆ గడుల వెనకనున్న మనుషులు ఆయన గుమ్మంలో నిలబడేవారు. ఈ ఉపన్యాసం ఇమ్మని నన్నడగడానికి కారణం అదే అయ్యుంటుంది.

వకీలు గారిని చాలామంది ఒక ప్రశ్న అడిగేవారు. పని చెయ్యకుండా నెలల తరబడి జీతం తీసుకున్నవాళ్ళ తరఫున మీరెందుకు నిలబడాలి? మిల్లు కార్మికుడంటే రక్తం చిందించినవాడు, మరి ఏసీ గదిలో కాఫీ తాగుతూ కూర్చున్న కుర్రవాడికి ఏం అన్యాయం జరిగిందని? ఆ ప్రశ్నని ఆయన కొట్టిపారెయ్యలేదు. పనికీ జీతానికీ ఉన్న లంకె తెగితే సమాజానికి కోపం రావలసిందేనని ఒప్పుకునేవారు. అయితే ఆ కోపం ఎవరి మీదికి పోవాలి? ఈ రోజు నేను మాట్లాడబోయేది దాని గురించే.

పని లేని జీతాలు మన నేలకి కొత్త కాదు. నిజాం రాజ్యంలో జాగీర్లు అనుభవించిన కుటుంబాలు ఎన్నో తరాలు దుక్కి దున్నకుండానే పంట తిన్నాయి. పోలీసు చర్య తరవాత, 1949లో జాగీర్ల రద్దుతో అది ముగిసింది. అది నిజంగా పని లేని భోగం. పుట్టుక ఇచ్చినది, ఎవరూ ప్రశ్నించలేనిది, పక్కవాడి చెమట మీద నిలబడ్డది. అలాంటి దాన్ని తిట్టడానికి ఏ మొహమాటమూ అక్కర్లేదు.

దాని పక్కన ఇటీవలి సంగతులు రెండు పెట్టి చూడండి. 2020 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం గ్రామ రెవెన్యూ అధికారుల వ్యవస్థని చట్టం చేసి రద్దు చేసింది. రికార్డులు వెనక్కి తీసుకున్నారు. ఐదు వేలమందికి పైగా వీఆర్వోలకు జీతం మాత్రం వస్తూనే ఉంది. చెయ్యవలసిన పని ఏమిటో స్పష్టంగా చెప్పినవాళ్ళు లేరు. 2022లో లాటరీ తీసి వాళ్ళని రకరకాల శాఖల్లో సర్దేదాకా అదే స్థితి. రెండోది ఆంధ్రప్రదేశ్‌లో, 2024 ఆగస్టులో. పోస్టింగ్ లేకుండా ఉన్న 16 మంది ఐపీఎస్ అధికారులు రోజూ ఉదయం 10 గంటలకి డీజీపీ కార్యాలయానికి వచ్చి, హాజరు పట్టీలో సంతకం పెట్టి, పనివేళలు ముగిసేదాకా వెయిటింగ్ హాల్లో ఉండాలని మెమో వచ్చింది. వాళ్ళ మీద ఉన్న రాజకీయ అభియోగాల తప్పొప్పుల జోలికి నేను పోను. జీతమిచ్చి, పనివ్వకుండా, కుర్చీలో కూర్చోబెట్టడం ఒక శిక్షగా కూడా వాడుకోవచ్చని ఆ మెమో చూపించింది.

జాగీర్దారు పని వద్దనుకున్నాడు. వీఆర్వోకి పని తీసేశారు. చూసేవాళ్ళకి ఇద్దరూ ఖాళీగా కూర్చుని డబ్బు తీసుకుంటున్నట్టే ఉంటుంది. కాని ఆ ఖాళీ ఎవరి నిర్ణయమో అడిగితే ఇద్దరూ చెరో ఒడ్డున తేలతారు. ఈ తేడాని పట్టుకునే మన సైబరాబాద్‌కి వస్తాను.

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించినప్పుడు మాదాపూర్ చుట్టూ బండరాళ్ళే ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వ లెక్కల ప్రకారం 2013-14లో ఐటీ ఉద్యోగులు 3,23,396 మంది. 2022-23కి ఆ సంఖ్య 9,05,715కి చేరింది, ఎగుమతులు 2,41,275 కోట్ల రూపాయలకి పెరిగాయి. ప్రతి ఏడూ ఈ అంకెల్ని పండగలా ప్రకటిస్తారు. ఆ తొమ్మిది లక్షల్లో ఏ రోజైనా ఎంతమంది బెంచ్ మీద, అంటే ప్రాజెక్టు లేకుండా, ఉన్నారన్నది మాత్రం ఎక్కడా ప్రకటించరు. పెద్ద సర్వీస్ కంపెనీలు వాటాదారులకి చెప్పే యుటిలైజేషన్ శాతం నుంచి మనమే ఊహించుకోవాలి. ట్రైనీలను పక్కన పెడితే ఇన్ఫోసిస్ లాంటి చోట ఆ శాతం మామూలుగా 80కి పైన, 85కి అటూ ఇటూ ఉంటుంది. అంటే మంచి రోజుల్లో కూడా వందకి పదిహేను మంది దాకా బిల్లు పడకుండా ఉంటారు. ఆ వ్యాపారం తీరే అంత.

ఐటీ బయట ఉన్న పెద్దల కోసం బెంచ్ సంగతి కొంచెం విడమర్చి చెప్తాను. ఒక కంపెనీ అమెరికాలోని బ్యాంకుకో బీమా సంస్థకో మనుషుల గంటలు అమ్ముతుంది. గంటకి ఇంత అని రేటు, నెలాఖరున బిల్లు. ప్రాజెక్టు ముగిసినా, క్లయింట్ ఖర్చు తగ్గించుకున్నా కొంతమంది రిలీజ్ అవుతారు. ఇంకో ప్రాజెక్టులో అలకేషన్ దొరికేదాకా వాళ్ళు కంపెనీ ఖర్చు మీద ఉంటారు. కార్డు స్వైప్ చేసి లోపలికి రావాలి, ఆన్‌లైన్ కోర్సులు పూర్తి చెయ్యాలి, రిసోర్స్ మేనేజ్‌మెంట్ గ్రూపు వాళ్ళకి మెయిళ్ళు పెట్టాలి, ఇంటర్నల్ ఇంటర్వ్యూలకి వెళ్ళాలి. ఇదే బెంచ్.

ఈ మనుషుల్ని కంపెనీ ఎందుకు భరిస్తుంది? ఒక కొత్త కాంట్రాక్టు కోసం పోటీ పడేటప్పుడు క్లయింట్ అడిగే మొదటి మాట, రెండు వారాల్లో ముప్ఫైమందిని దింపగలరా అని. దింపగలమని చెప్పగలిగినవాడికే పని. ఆ ముప్ఫైమంది అప్పటికే జీతం మీద ఉంటేనే ఆ మాట చెప్పగలడు. ప్రతిపాదన పత్రాల్లో వాళ్ళ రెజ్యూమెలు జతచేస్తారు. కాబట్టి బెంచ్ మీద కూర్చున్న పిల్ల ఏ కోడూ రాయని నెలలో కూడా ఆమె పేరు, ఆమె అనుభవం, ఆమె సిద్ధంగా ఉండటం కంపెనీకి కాంట్రాక్టు తెచ్చిపెడుతూనే ఉంటాయి. ఈ ఖర్చు క్లయింట్ కట్టే రేటులో ముందే కలిసి ఉంటుంది. ఒక లెక్క అనుకుందాం. గంటకి 20 డాలర్లు, నెలకి 160 గంటలు. 3,200 డాలర్లు, రెండున్నర లక్షల రూపాయల పైమాట. ఆ మనిషి జీతం నెలకి అరవై వేలనుకుందాం. అద్దెలు, మేనేజర్లు, అమ్మకాల ఖర్చులు, లాభం తీసెయ్యండి. అయినా బిల్లు పడిన ఏడాది ఒకటి ఉంటే, బిల్లు పడని రెండు నెలల్ని అది సునాయాసంగా మోస్తుంది.

దీన్ని మించి నన్ను ఎప్పుడూ బాధపెట్టిన సంగతి ఇంకొకటుంది. బెంచ్ లెక్క పనిని కొలవదు, బిల్లుని కొలుస్తుంది. క్లయింట్ పదిమందికి డబ్బు కడితే టీములో పన్నెండుమంది ఉండటం కారిడార్‌లో అందరికీ తెలిసిన సంగతే. ఆ మిగతా ఇద్దరినీ షాడో అంటారు, బఫర్ అంటారు. రాత్రి ఒంటిగంట కాల్‌లో ఉండేది చాలాసార్లు వాళ్ళే. పట్టికలో మాత్రం వాళ్ళు ఖాళీ. అదే పట్టికలో క్లయింట్ మర్చిపోయిన పాత సిస్టమ్‌కి కాపలాగా పెట్టిన మనిషి ఉంటాడు. నెలకి ఒక టికెట్ వస్తే గొప్ప. అతని మీద బిల్లు పడుతోంది గనక అతను నూటికి నూరు శాతం ఉత్పాదకుడు. వకీలు గారి దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి సంగతి నాకు బాగా గుర్తు. ఏడాదికి పైగా షాడోగా పనిచేసింది. ప్రొడక్షన్‌లో పడిన సమస్యల్ని సగం ఆమే సరిచేసింది. మనుషుల్ని తగ్గించినప్పుడు, నీకు బిల్లబుల్ చరిత్ర లేదని చెప్పి రాజీనామా అడిగారు. ఆమె చేసిన పనికి సాక్ష్యంగా ఉన్నవన్నీ కంపెనీ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఆ ల్యాప్‌టాప్ మధ్యాహ్నానికే తీసేసుకున్నారు.

డేవిడ్ గ్రేబర్ అనే మానవశాస్త్రవేత్త 2013లో ఒక వ్యాసమూ, 2018లో దాన్ని పెంచి ఒక పుస్తకమూ రాశాడు. ఈ కాలపు ఉద్యోగాల్లో ఎన్నో అర్థం లేనివనీ, ఆ సంగతి చేసేవాళ్ళకే తెలుసనీ, ఆ ఎరుక మనిషిని లోపల్నుంచి తినేస్తుందనీ ఆయన వాదన. చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. బెంచ్ మీద మూడో నెల దాటిన పిల్లల ముఖాలు చూసినవాళ్ళెవరైనా ఏకీభవిస్తారు. కాని ఆయన చిత్రించిన ఉద్యోగం మాయమైతే ఎవరికీ ఏ నష్టమూ ఉండదు. బెంచ్ మాయమైతే నష్టపోయేది యజమానే. బెంచ్ ఆ యజమానికి అవసరమైన నిరీక్షణ.

సత్యం కంప్యూటర్స్ కథని చెప్పకుండా ఈ ఊళ్ళో ఈ విషయం మాట్లాడలేం. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు గారు బోర్డుకి ఉత్తరం రాశారు. పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు అసలు లేవని ఆ ఉత్తరంలో ఉంది. అదే నెలలో ప్రాసిక్యూషన్ కోర్టులో ఇంకొక ఆరోపణ చేసింది. కంపెనీ చెప్పుకుంటున్న 53,000 మంది ఉద్యోగుల్లో 13,000 పేర్లు కల్పితమని, ఆ పేర్ల మీద నెలకి సుమారు 20 కోట్లు తీశారని. ఆ అంకెల మీద తరవాత వివాదం నడిచింది గనక దాన్ని ఆరోపణగానే చెప్తున్నాను. 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్‌లోని ప్రత్యేక కోర్టు రామలింగరాజుకీ ఇతరులకీ ఏడేళ్ళ శిక్ష వేసింది.

ఆ రోజుల్లో పత్రికల నిండా ఈ దొంగ పేర్ల గురించే. నిజమైన పేర్ల గురించి తక్కువ రాశారు. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కంపెనీని గెలుచుకుంది, జూన్‌లో వర్చువల్ పూల్ అనే పథకం తెచ్చింది. వేలమందిని ఇంటి దగ్గరే ఉండమన్నారు. ఆరు నెలల దాకా మూల వేతనమూ కొన్ని సదుపాయాలూ ఇస్తామన్నారు. ఈలోగా ప్రాజెక్టు దొరికితే పిలుస్తారు, దొరక్కపోతే లేదు. మనలో ఎంతమందికి మూల వేతనం మొత్తం జీతంలో సగం కూడా ఉండదో మీకు తెలుసు. కూకట్‌పల్లిలో, మియాపూర్‌లో ఫ్లాటు ఈఎంఐ కడుతున్న మనిషికి ఆ ఆరు నెలలు ఎలా గడిచి ఉంటాయి? అయినా ఒక మాట ఒప్పుకోవాలి. అది రాతపూర్వకంగా, గడువు పెట్టి, బహిరంగంగా చేసిన ఏర్పాటు. సంక్షోభంలో మునిగిన కంపెనీ కూడా ఆ మాత్రం చెయ్యగలిగింది. తరవాతి సంవత్సరాల్లో ఏ సంక్షోభమూ లేని కంపెనీలు ఆ మాత్రం కూడా చెయ్యకపోవడం చూసి వకీలు గారు చాలా బాధపడేవారు.

ఇక సముద్రాల అవతల. శియాంగ్ బియావ్ అనే చైనా పరిశోధకుడు సిడ్నీలోనూ హైదరాబాద్‌లోనూ మన తెలుగు పిల్లల మధ్య తిరిగి, మనుషుల్ని విదేశీ కంపెనీలకి అద్దెకిచ్చే బాడీ షాపింగ్ మీద 2007లో ఒక పుస్తకం ప్రచురించాడు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ నుంచి సిడ్నీ గెస్ట్‌హౌస్ దాకా పోయే దారిని అంత శ్రద్ధగా రాసినవాళ్ళు మనలో లేకపోవడం నాకు చిన్నతనంగా అనిపిస్తుంది. ఆ వ్యాపారం నడవడానికి పనిలేని మనుషులు ఒక పక్కన ఎప్పుడూ ఉండాలని ఆయన చూపించాడు. మార్కెట్ లేచినప్పుడు వెంటనే దింపడానికి, పడినప్పుడు వెంటనే వదిలించుకోవడానికి. నష్టాన్ని మోసేది మాత్రం ఆ మనిషీ, ఊళ్ళో పొలం అమ్మి పంపిన అతని కుటుంబమూ.

అమెరికాలో 1998 నాటి చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. హెచ్-1బీ వీసా మీద తెచ్చుకున్న ఉద్యోగికి పని దొరకని కాలానికి కూడా జీతం కట్టాల్సిందే. పని చూపించడం యజమాని బాధ్యత, చూపించలేకపోతే ఆ నష్టం అతనిదే. ఎంత సూటైన సూత్రం! అయినా న్యూజెర్సీ, డల్లాస్ గెస్ట్‌హౌసుల్లో ఒక్కో గదిలో నలుగురైదుగురు సర్దుకుని, బెంచ్ మీద పైసా రాకుండా నెలలు గడిపిన తెలుగు పిల్లల కథలు ప్రతి ఊళ్ళోనూ వినిపిస్తాయి. వాళ్ళలో చాలామందికి చట్టం తెలుసు. ఫిర్యాదు చేస్తే వీసా ఏమవుతుందోనన్న భయం అంతకన్నా బాగా తెలుసు. అక్కడ చట్టం ఉండి జీతం రాలేదు. ఇక్కడ హైదరాబాద్‌లో చట్టంలో బెంచ్ అన్న మాటే లేకుండా ఇన్నాళ్ళూ జీతం వచ్చింది, కంపెనీకి లాభమున్నంత కాలం.

ఆ లాభం లెక్క మారింది. 2025 జూన్ 12 నుంచి టీసీఎస్ అమలుచేసిన నియమం మీ అందరికీ తెలుసు. ఏడాదిలో 225 రోజులు బిల్లు పడాలి, బెంచ్ 35 రోజులు దాటకూడదు. రెండూ కలిపితే 260, వారానికి ఐదు రోజుల చొప్పున 52 వారాలు. అలకేషన్ లేనివాళ్ళు ఆఫీసుకి వచ్చి రోజూ నాలుగు నుంచి ఆరు గంటలు చదువుకోవాలి. ప్రాజెక్టు వెతుక్కోవడం ప్రధానంగా ఉద్యోగి పూచీ. గడువు దాటితే జీతం పెంపు మీద, విదేశీ అవకాశాల మీద, ఉద్యోగం మీదే దెబ్బ పడవచ్చు. ఇది కొత్తదేమీ కాదనీ, ఉన్నదాన్నే క్రమబద్ధం చేశామనీ యాజమాన్యం చెప్పింది. ఆ జూలై చివర సుమారు 12,000 మందిని, అంటే 2 శాతాన్ని, తగ్గిస్తామని ప్రకటించింది. జూన్ చివర 6,13,069గా ఉన్న సిబ్బంది సెప్టెంబరు చివరికి 5,93,314 అయింది. ఒక కంపెనీ పేరు చెప్పానంటే అది బహిరంగంగా ప్రకటించింది గనక. చడీచప్పుడు లేకుండా ఇంతకన్నా కఠినంగా చేసేవాళ్ళు కారిడార్‌లో ఉన్నారని ఇక్కడున్న అందరికీ తెలుసు.

ముప్ఫై అయిదు రోజులు. అదే ఉద్యోగి తనంతట తాను మానేసి వెళ్తానంటే? నోటీసు 90 రోజులు. ఈ పరిశ్రమలో పెద్ద కంపెనీలన్నింటిలోనూ దాదాపు ఇదే. కొత్త యజమాని తొందరపడుతున్నా సరే, రిలీవింగ్ లెటర్ కావాలంటే మూడు నెలలు ఆగాలి. మాకు నీ అవసరం తీరేదాకా తొంభై రోజులు నువ్వు ఆగు, నీకు అవసరమైనప్పుడు మేము ముప్ఫై అయిదు రోజులే ఆగుతాం. నేనెన్నిసార్లు ఆలోచించినా ఈ రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టి న్యాయమని చెప్పే వాదన ఒక్కటీ దొరకలేదు.

దీన్ని ఒక పాత ఒప్పందంతో పోల్చి చూడండి. మా ఊళ్ళో పాలేరుతో జీతం ఏడాదికి మాట్లాడుకునేవారు. ఇన్ని బస్తాలని, ఇంత రొక్కమని. కోతల కాలంలో ఒళ్ళు హూనమయ్యేది, మండు వేసవిలో పని తక్కువ. వేసవిలో నువ్వు దున్నలేదు గనక గింజలివ్వనని ఏ ఆసామీ అనలేదు, ఎందుకంటే తొలకరి పడ్డ తెల్లవారి ఆ మనిషి వాకిట్లో ఉండాలి. కూలివాడికి ఏ రోజు డబ్బు ఆ రోజే, కాని రేపు ఇంకొకరి చేనుకి పోయే స్వేచ్ఛ అతనికుంది. పాలేరు బతుకు బంగారమని నేననను, అప్పుల్లో కట్టుబడి తరాలు పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళు. నేను చెప్తున్నది ఒప్పందం తీరు గురించి. కట్టుబడి ఉన్నందుకు పాలేరుకి ఏడాది భరోసా దొరికింది, భరోసా లేనందుకు కూలికి స్వేచ్ఛ దొరికింది. మన పిల్లలకి ఇప్పుడు పాలేరు కట్టుబాటుతో కూలి భరోసా ఇస్తున్నారు.

కట్టుబాటు ఎంతదాకా పోతుందో 2022లో చూశాం. తమ దగ్గర ఉంటూనే పోటీ కంపెనీలకి పనిచేశారని విప్రో 300 మందిని తీసేసింది. పోటీ కంపెనీకి పనిచెయ్యడం తప్పే, దాన్ని నేను సమర్థించను. కాని ఆ చర్చలో చాలా కంపెనీలు గట్టిగా చెప్పిన మాట గుర్తు తెచ్చుకోండి. ఉద్యోగి సమయం మొత్తం తమదేనని. మంచిది, ఖాళీగా కూర్చున్న గంట కూడా వాళ్ళదే అయితే ఆ గంటకి కట్టిన జీతం దానమెలా అవుతుంది? కొనుక్కున్నదానికి ధర కట్టారు. అంతే.

ఈ మాట మన ఇళ్ళల్లో ఎవరూ చెప్పరు. పని లేకుండా జీతమా, అదృష్టవంతుడివిరా అని నాన్న అంటాడు. రెండు నెలలు పోయాక అదే నాన్నకి చెప్పడానికి భయం. పెళ్ళి సంబంధం వాళ్ళు ఏ ప్రాజెక్టు అని అడుగుతారేమోనని భయం. మాదాపూర్ అయ్యప్ప సొసైటీ హాస్టళ్ళలో పొద్దున్నే తయారై, ఐడీ కార్డు మెడలో వేసుకుని, వెళ్ళి కెఫెటేరియాలో కూర్చుని, చీకటి పడ్డాక రూముకి వచ్చేవాళ్ళెంతమందో. కంప్యూటర్ ముందు కూర్చుని మూడోసారి అదే కోర్సు చూసేవాళ్ళున్నారు. మెయిన్‌ఫ్రేమ్ మీద పదేళ్ళు చేసినవాణ్ణి వారం రోజుల నోటీసుతో పైథాన్ ఇంటర్వ్యూకి పంపి, పోగానే ఫెయిల్ అని నమోదు చేస్తారు. చంటిబిడ్డ తల్లిని ఇండోర్‌లో ప్రాజెక్టుంది, వెళ్తావా అని అడుగుతారు. ఆమె వెళ్ళలేనంటే, అవకాశమిచ్చినా నిరాకరించింది అని రాసుకుంటారు. ఈ రాతలన్నీ పోగై చివరికి నైపుణ్యం లేనివాళ్ళు, పని ఎగ్గొట్టేవాళ్ళు అన్న పేరు తయారవుతుంది. పని లేకుండా చేసినవాళ్ళే పని చెయ్యలేదని నింద వెయ్యడం నాకు తెలిసిన అన్యాయాల్లో చాలా పెద్దది.

చట్టం ఏం చెప్తుంది? ఈ ప్రశ్న మీదే వకీలు గారు జీవితం ఖర్చుపెట్టారు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో, పని చూపించలేని యజమాని లే-ఆఫ్ కింద మూల వేతనంలోనూ కరవు భత్యంలోనూ సగం కట్టాలన్న సూత్రం ఉండేది. రిట్రెంచ్‌మెంట్ చేస్తే నోటీసు, సర్వీసు చేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల వేతనం. మొదటిది ఫ్యాక్టరీల వంటి చోట్లకే పరిమితమని వాదన. రెండోది తప్పించుకోవడానికి దగ్గరి దారి రాజీనామా. తనంతట తానే వెళ్ళిపోయినవాడికి ఏ పరిహారమూ ఉండదు కదా. 2017 జూలైలో బయటికి వచ్చిన టెక్ మహీంద్రా ఆడియో విన్నవాళ్ళకి అది ఎలా రాయిస్తారో తెలుసు. మర్నాడు పొద్దున పది గంటల్లోగా రాజీనామా ఇవ్వమని హెచ్ఆర్ అడిగిన మాటలు దేశమంతా విన్నది. ఆనంద్ మహీంద్రా స్వయంగా క్షమాపణ చెప్పారు. అదే ఏడాది ఇక్కడి ఐటీ ఉద్యోగులు సంఘంగా కార్మిక శాఖ మెట్లెక్కారు. ఐటీవాళ్ళు కార్మికులే కారన్న మాట మీద 2022లో చెన్నై కార్మిక న్యాయస్థానం ఒక తీర్పు ఇచ్చింది. 2015లో టీసీఎస్ తీసేసిన ఒక ఉద్యోగి, హోదా ఏదైనా, చేసిన పనినిబట్టి కార్మికుడేనని చెప్పి తిరిగి తీసుకోమంది. ఏడేళ్ళు పట్టింది. ఆ తీర్పు కాపీని వకీలు గారు సంచిలో పెట్టుకుని తిరిగేవారు. ఏడేళ్ళు ఆగగలిగేవాళ్ళు ఎంతమంది ఉంటారన్నది ఆయనకీ తెలుసు.

ఆయన చివరి సంవత్సరాల్లో అధికారులతో, యాజమాన్యాలతో మాట్లాడేటప్పుడు పట్టుబట్టిన కోరికలు కొన్ని ఉన్నాయి. నాకు అవి ఇప్పటికీ సబబుగానే కనిపిస్తాయి గనక మీ ముందుంచుతున్నాను. ఉద్యోగి ఇవ్వవలసిన నోటీసు ఎన్ని రోజులో, పూర్తి జీతంతో బెంచ్ కనీసం అన్ని రోజులుండాలి. తొంభై అయితే తొంభై, ముప్ఫై అయితే ముప్ఫై, ఏదైనా రెండు వైపులా ఒకటే. షాడోగా, బఫర్‌గా చేసిన పని బెంచ్ లెక్కలోకి రాకూడదు. బెంచ్ కాలంలో ఉద్యోగికి ఏ ఏ ప్రాజెక్టులు చూపించారు, ఎందుకు కుదరలేదన్నది రాతలో ఉండి, ఆ కాగితం ఉద్యోగి చేతికి అందాలి. కార్మిక శాఖ ఏడాదికి ఒకసారి కారిడార్‌లో ఎంతమంది బెంచ్ మీదున్నారో, ఎంతమంది బెంచ్ నుంచి రాజీనామా చేశారో అడిగి తెలుసుకుని ప్రచురించాలి. ఎగుమతుల అంకెని ప్రకటించే వేదిక మీదే ఈ అంకెనీ ప్రకటించవచ్చు. వీటిలో ఏదీ కంపెనీల్ని ముంచేసే కోరిక కాదు. నేను ఆ లెక్కలు వేసినవాణ్ణి గనక ధైర్యంగా చెప్తున్నాను.

అవి అమల్లోకి వచ్చేలోపు ఇక్కడున్న చిన్నవాళ్ళకి ఆయన చెప్పిన జాగ్రత్తలు నేను మళ్ళీ చెప్పాలి, ఎందుకంటే ఈ హాల్లో వెనక వరసల్లో కూర్చున్న కొందరు ఈ వారమే హెచ్ఆర్ గదిలోకి వెళ్ళబోతున్నారని నాకు తెలుసు. నిన్ను రిలీజ్ చేసిన తేదీ, ఎవరు చేశారన్నది నీ డైరీలో రాసుకో. షాడోగా చేసిన పని ఏమిటో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకానో, ల్యాప్‌టాప్ పోకముందే రాసిపెట్టుకో. కంపెనీ రహస్యాలు బయటికి తీసుకురావద్దు, నీ పని వివరం మాత్రం నీదే. రాజీనామా రాయమంటే ఒక్క రోజు గడువు అడుగు. గడువు ఇవ్వం అంటే, ఇవ్వలేదని అదే రోజు మెయిల్ పెట్టు. రాయాల్సే వస్తే, యాజమాన్యం అడిగినందువల్ల రాస్తున్నానన్న ఒక్క వాక్యం అందులో ఉండనివ్వు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌కి ఒంటరిగా వెళ్ళకండి, ఒకే కంపెనీ నుంచి తీసేసిన నలుగురు కలిసి వెళ్ళండి. ఇంట్లో అమ్మానాన్నలకి ఆ వారమే చెప్పండి. వకీలు గారి జూనియర్లు శనివారాలు ఇంకా అదే గదిలో కూర్చుంటున్నారు, ఫీజు సంగతి తరవాత. కాగితాలు తీసుకుని రండి.